ప్రొటీన్‌కు ఆ పేరెవరు పెట్టారు?

1997లో ఆర్కియోగ్లోబస్ ఫుల్జిడస్ అనే సూక్ష్మజీవి జీనోమ్‌ను, అంటే దాని మొత్తం జన్యు సమాచారాన్ని, పూర్తిగా చదివారు. సముద్రం అడుగున విపరీతమైన వేడిలో, ఆక్సిజన్ లేకుండా బతికే జీవి అది. దాని జీనోమ్‌లో ప్రొటీన్లను తయారుచేసే జన్యువులు 2,436 ఉన్నట్టు లెక్క తేలింది. వాటిలో దాదాపు సగం ఏం పని చేస్తాయో ఎవరికీ తెలియదు. మిగతావాటికి కంప్యూటర్ సాయంతో, పాత ప్రొటీన్లతో పోల్చి చూసి, పేర్లు పెట్టుకుంటూ పోయారు. అలా కొన్నిటికి ‘ఐఎంపీ డీహైడ్రోజినేస్’ అనో, దానికి సంబంధించినదనో పేరు పడింది.

పేరు చూస్తే ఎవరికీ అనుమానం రాదు. డీఎన్‌ఏ అక్షరాల్లో ఒకటైన గ్వానిన్ తయారీకి ఈ ఎంజైమ్ కావాలి. చాలా జీవుల్లో ఉంటుంది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లు వేసుకునే మైకోఫినోలేట్ మాత్ర మన ఒంట్లో అడ్డుకునేది ఈ ఎంజైమ్‌నే. అలాంటిది ఈ సూక్ష్మజీవిలోనూ ఉందంటే ఆశ్చర్యమేముంది?

కానీ ఆ ప్రొటీన్లు ఐఎంపీ డీహైడ్రోజినేస్‌లు కావు.

మనిషిలోని ఈ ఎంజైమ్‌లో 514 అమైనో ఆమ్లాలు ఉంటాయి. అందులో పెద్ద భాగం అసలు రసాయన చర్యను నడిపేది. దాని మధ్యలో సుమారు 120 అమైనో ఆమ్లాల ముక్క ఒకటి ఇరుక్కుని ఉంటుంది. దాన్ని సీబీఎస్ జత అంటారు. రసాయన చర్యతో దీనికి నేరుగా పని లేదు. కణానికి శక్తినిచ్చే ఏటీపీ లాంటి అణువులు ఎంత ఉన్నాయో చూసి ఎంజైమ్ వేగాన్ని అదుపు చేయడం దీని వంతు. ఆ సూక్ష్మజీవి ప్రొటీన్లు పోలింది ఈ ముక్కను మాత్రమే. రసాయన చర్య నడిపే భాగం వాటిలో అసలు లేదు. పోలికలు వెతికే ప్రోగ్రామ్ ‘బలమైన పోలిక ఉంది’ అని చెప్పింది, అది నిజమే. ఏ భాగంలో ఉందో కూడా చెప్పింది. పేరు పెట్టినవాళ్లు మొదటి సగం విని, మొత్తం ఎంజైమ్ పేరును ఆ ముక్కకు అంటించారు.

ఇది అక్కడితో ఆగదు. తర్వాత ఇంకో జీనోమ్ చదివినవాళ్లు తమ ప్రొటీన్‌ను డేటాబేస్‌లో వెతికితే ఈ తప్పు పేరున్న ప్రొటీన్లే ముందు తగులుతాయి. పోలిక ఇంకా బలంగా ఉంటుంది, ఎందుకంటే ఇవి నిజంగానే దగ్గరి బంధువులు. ఒకే పేరు నాలుగైదు జీవుల్లో కనబడేసరికి అది నిజమేనన్న నమ్మకం కుదురుతుంది. ఎవరూ ప్రయోగం చేయలేదన్న సంగతి మరుగున పడుతుంది.

సీబీఎస్ ముక్క సంగతి కూడా అదే 1997లో బయటపడింది. అలెక్స్ బేట్‌మన్ అనే శాస్త్రవేత్త హోమోసిస్టినూరియా అనే వంశపారంపర్య వ్యాధికి కారణమైన ఎంజైమ్‌లోనూ, ఆర్కియోగ్లోబస్ లాంటి ఆర్కియా సూక్ష్మజీవుల ప్రొటీన్లలోనూ ఒకే ముక్క పదేపదే వస్తోందని గమనించాడు. ఆ వ్యాధి ఎంజైమ్ పేరులోని (సిస్టాథయోనిన్ బీటా సింథేస్) తొలి అక్షరాలే ఆ ముక్కకు పేరయ్యాయి. క్లోరైడ్ అయాన్లను దాటించే ప్రొటీన్లలో, కణంలో శక్తి లెక్కలు చూసే ఏఎంపీకే అనే ఎంజైమ్‌లో కూడా ఈ ముక్కే ఉంది. వీటన్నిటి పనులు వేరు. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన చేసే పనీ ఒకటే కానట్టు, ఉమ్మడి ముక్క చుట్టరికాన్ని చెబుతుందే కానీ ఉద్యోగాన్ని చెప్పదు. చాలాచోట్ల ఉన్న సమాచారాన్ని ఒక దగ్గరికి చేర్చే సమీకృత డేటాబేస్‌లు పుట్టింది ఈ రెంటినీ విడదీసి చూపించడానికే.

పని మొదలైంది మాత్రం అంతకు చాలా ముందు. 1965లో మార్గరెట్ డేహాఫ్ అమెరికాలో అప్పటికి తెలిసిన ప్రొటీన్ సీక్వెన్స్‌లన్నిటినీ (అమైనో ఆమ్లాల వరుసలను) ఒక పుస్తకంగా అచ్చు వేసింది. మొత్తం 65. అమైనో ఆమ్లాలను ఒక్కో అక్షరంతో రాసే పద్ధతి ఆమెదే. ప్రొటీన్లను కుటుంబాలుగా, వాటి పైన మహాకుటుంబాలుగా విడదీయాలన్న ఆలోచనా ఆమెదే. ఆ పుస్తకం నుంచే తర్వాత వాషింగ్టన్‌లోని పీఐఆర్ అనే సంస్థ పుట్టింది. స్విట్జర్లాండ్‌లో ఆమోస్ బైరాక్ 1986లో స్విస్-ప్రాట్ మొదలుపెట్టాడు. ప్రతి ప్రొటీన్ గురించీ వచ్చిన పరిశోధన పత్రాలను మనుషులే చదివి, సారం రాసిపెట్టే డేటాబేస్ అది. 2002లో ఈ రెండూ, ఐరోపా బయోఇన్‌ఫర్మాటిక్స్ సంస్థ ఈబీఐతో కలిసి యూనిప్రాట్ అయ్యాయి.

పీఐఆర్ వాళ్ల ఐప్రోక్లాస్ అనే డేటాబేస్‌ను ఇక్కడ ప్రత్యేకంగా చెప్పుకోవాలి. ఒక ప్రొటీన్ తీసుకుంటే, మొదటి నుంచి చివరి వరకు మొత్తంగా అది ఏ కుటుంబంలోకి వస్తుంది, లోపల ఏయే డొమైన్లు (సీబీఎస్ జత లాంటి ముక్కలు) ఉన్నాయి, ఇంకా చిన్నగా ఏయే చోట్ల కీలకమైన అమైనో ఆమ్లాలు ఉన్నాయి అన్న మూడు సంగతులనూ ఒకే పేజీలో పెట్టింది. ఆ మూడూ పక్కపక్కన కనబడగానే ఐఎంపీ డీహైడ్రోజినేస్ తప్పు దానంతటదే బయటపడుతుంది. డొమైన్ ఒకటే, కుటుంబాలు వేరు, చర్య జరిపే చోటు లేనే లేదు. కొత్త ప్రయోగం ఏదీ అక్కర్లేదు. విడివిడిగా పడి ఉన్న సమాచారాన్ని ఒక చోట చేర్చడమే సరిపోయింది.

ఇంతకీ ‘ఈ ప్రొటీన్ ఫలానా కుటుంబానిది’ అని కంప్యూటర్ ఎలా తేలుస్తుంది? పద్ధతులు చాలా ఉన్నాయి. ఒక్కోదానికి ఒక్కో బలహీనత ఉంది కనుకనే అన్నీ కలపాల్సి వచ్చింది.

అన్నిటికంటే సులువైనది నమూనా. ప్రొసైట్ అనే డేటాబేస్ 1980ల చివర ఇలాగే మొదలైంది. ఏటీపీని పట్టుకునే చాలా ప్రొటీన్లలో పీ-లూప్ అనే చిన్న మెలిక ఉంటుందని 1982లో జాన్ వాకర్ బృందం చూపింది. (ఏటీపీని కండరాల్లో తొలిసారి గుర్తించినవాళ్లలో మన భీమవరం బిడ్డ యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. ఆ తర్వాత అయిదు దశాబ్దాలకు గానీ దాన్ని పట్టుకునే చోటు ఆనవాలు దొరకలేదు.) ఆ మెలికను ఎనిమిది స్థానాల్లో రాయొచ్చు: మొదట అలనిన్ లేదా గ్లైసిన్, తర్వాత ఏవైనా నాలుగు, ఆపై గ్లైసిన్, లైసిన్, చివర సెరీన్ లేదా థ్రియోనిన్.

చూడ్డానికి బాగానే ఉంది. ఒక్కసారి లెక్క వేసి చూద్దాం. 20 అమైనో ఆమ్లాలూ సమానంగా వస్తాయనుకుంటే ఈ నమూనా ఒక చోట ఊరికే కుదిరిపోయే అవకాశం 40 వేలలో ఒకటి. మనిషికి సుమారు 20 వేల ప్రొటీన్లు, ఒక్కోటి 500 అమైనో ఆమ్లాల పొడవు అనుకుంటే మొత్తం కోటి స్థానాలు. అంటే ఏటీపీతో ఏ సంబంధమూ లేకుండానే సుమారు 250 చోట్ల ఈ నమూనా తగులుతుంది. ప్రొటీన్‌కు చక్కెర గొలుసు తగిలించే చోటును చెప్పే నమూనా అయితే ఇంకా చిన్నది, నాలుగే స్థానాలు. అదే లెక్కన సగటున 220 అమైనో ఆమ్లాలకు ఒకసారి తగులుతుంది, అంటే మామూలు పొడవున్న ప్రొటీన్‌లో ఒకటో రెండో ఉండి తీరతాయి. తరచూ తగిలే నమూనా అని దాని మీద ప్రొసైటే ముద్ర వేసి పెట్టింది. అయినా ప్రాజెక్ట్ రిపోర్టుల్లో ‘మా ప్రొటీన్‌లో గ్లైకోసిలేషన్ సైట్లు కనుగొన్నాం’ అని రాసుకోవడం నేను చూస్తూనే ఉంటాను.

రెండో పద్ధతి వేలిముద్రలది. ఒక్క నమూనా బదులు, అదే కుటుంబంలో వరుసగా వచ్చే నాలుగైదు చిన్న నమూనాలను కలిపి చూస్తారు. బ్రిటన్‌లో టెరీ అట్‌వుడ్ నడిపిన ప్రింట్స్ డేటాబేస్ పద్ధతి ఇది. మూడోది ఇప్పుడు అందరూ వాడేది, ప్రొఫైల్ హెచ్‌ఎంఎం. కుటుంబంలోని ప్రొటీన్లన్నిటినీ ఒకదాని కింద ఒకటి పేర్చి, ప్రతి నిలువు వరుసలోనూ ఏ అమైనో ఆమ్లం ఎంత తరచుగా వస్తోందో, ఎక్కడ ముక్కలు చేరుతున్నాయో, ఎక్కడ ఊడిపోతున్నాయో సంభావ్యతలుగా రాసుకుంటారు. కొత్త ప్రొటీన్ ఆ పట్టికకు ఎంత సరిపోతుందో స్కోరు ఇస్తారు. 1997లో వచ్చిన పీఫామ్ దీని మీదే నిలబడింది. అందులో ఇప్పుడు 20 వేలకు పైగా కుటుంబాలున్నాయి. ప్రతి కుటుంబానికీ ఎంత స్కోరు దాటితే ఒప్పుకోవాలో మనుషులే విడిగా నిర్ణయిస్తారు. నా దృష్టిలో పీఫామ్‌కున్న నమ్మకమంతా ఆ గీత దగ్గరే ఉంది.

ఇవి కాక, త్రిమితీయ ఆకారం నుంచి మొదలుపెట్టే సూపర్‌ఫ్యామిలీ, జీన్3డీ ఉన్నాయి. ప్రొటీన్ మొత్తాన్ని ఒక వంశవృక్షంలో పెట్టే పాంథర్, పూర్తి పొడవును పట్టించుకునే పీఐఆర్‌ఎస్‌ఎఫ్ ఉన్నాయి. 1990ల చివరికి పరిస్థితి ఏమిటంటే, ఒకే డొమైన్‌కు అరడజను డేటాబేస్‌లలో అరడజను పేర్లు, అరడజను నంబర్లు. ఒక్కోదాని ఫలితం ఒక్కో రూపంలో. ఈ చిక్కు విప్పడానికే 1999లో ఇంటర్‌ప్రో మొదలైంది. 2000లో పండ్ల ఈగ జీనోమ్ బయటికొచ్చినప్పుడే దాన్ని వాడారు.

ఇంటర్‌ప్రో సొంతంగా కొత్త పద్ధతేమీ కనిపెట్టలేదు. పదికి పైగా సభ్య డేటాబేస్‌ల మోడళ్లను తీసుకుని, ఏవేవి ఒకే సంగతిని చెబుతున్నాయో మనుషులు కూర్చుని చూసి, వాటన్నిటినీ ఒక నంబరు కిందికి తెస్తారు. ఆ నంబరు కుటుంబానిదా, డొమైన్‌దా, ఇంకా పైనున్న మహాకుటుంబానిదా, ఒక చిన్న కీలక స్థానానిదా అని గుర్తు పెడతారు. దేనిలో ఏది భాగమో కూడా రాస్తారు. ఫలితాల పేజీలో అందరూ దాటేసి వెళ్లేది, అందరికంటే ముందు చూడాల్సింది ఈ గుర్తే.

హాప్టోగ్లోబిన్‌ను తీసుకోండి. మన రక్తంలో ఉండే ప్రొటీన్ ఇది. ఎర్ర రక్తకణాలు పగిలినప్పుడు బయటపడ్డ హిమోగ్లోబిన్‌ను పట్టుకుని, శరీరం శుభ్రం చేసుకునేలా అప్పజెబుతుంది. రక్తకణాలు మితిమీరి పగిలిపోతున్నాయా అని తెలుసుకోవడానికి డాక్టర్లు దీని స్థాయిని పరీక్ష చేయిస్తారు. ఈ ప్రొటీన్ సీక్వెన్స్‌ను ఇంటర్‌ప్రోలో వేస్తే సగానికి పైగా పొడవున ‘ట్రిప్సిన్ డొమైన్’ అని పెద్ద పట్టీ కనబడుతుంది. ట్రిప్సిన్ అంటే మన పేగులో ప్రొటీన్లను కోసే ఎంజైమ్. పీఫామ్ అదే అంటుంది, స్మార్ట్ అనే ఇంకో డేటాబేస్ అదే అంటుంది, ప్రొసైట్ ప్రొఫైల్ కూడా అదే అంటుంది. అందరూ ఒక మాట మీద ఉన్నారు కదా, హాప్టోగ్లోబిన్ ప్రొటీన్లను కోస్తుందని రాసేద్దామా?

రాస్తే తప్పవుతుంది. ట్రిప్సిన్ కోయాలంటే మూడు అమైనో ఆమ్లాలు సరైన చోట ఉండాలి: హిస్టిడిన్, ఆస్పార్టేట్, సెరీన్. హాప్టోగ్లోబిన్‌లో ఆ హిస్టిడిన్ ఉండాల్సిన చోట లైసిన్, సెరీన్ ఉండాల్సిన చోట అలనిన్ ఉన్నాయి. కత్తి ఆకారం ఉంది, పదును లేదు. ఈ సంగతి ఇంటర్‌ప్రో పేజీలోనే కనబడుతుంది, కానీ లేకపోవడం రూపంలో. మామూలు ట్రిప్సిన్ వేస్తే పెద్ద పట్టీతో పాటు హిస్టిడిన్ స్థానానికి ఒకటి, సెరీన్ స్థానానికి ఒకటి, రెండు చిన్న గుర్తులు కూడా వస్తాయి. హాప్టోగ్లోబిన్‌కు ఆ రెండూ రావు. ఇందాక దాదాపు పనికిరావని మనం తేల్చిన చిన్న నమూనాలు ఇక్కడ ప్రాణం పోసుకుంటాయి. విడిగా చూస్తే నమ్మలేం, కానీ సరైన డొమైన్ లోపల సరైన చోట ఉన్నాయా లేవా అని చూస్తే వాటికి మించిన సాక్ష్యం లేదు. కాలేయ కణాలను పెంచే హెచ్‌జీఎఫ్ అనే ప్రొటీన్‌దీ ఇదే కథ. ట్రిప్సిన్ డొమైన్ ఉంది, కోసే శక్తి లేదు.

దీనికి పూర్తిగా ఎదురు తిరిగే ఉదాహరణలూ ఉన్నాయి. బ్యాక్టీరియాలో దొరికే సబ్‌టిలిసిన్ కూడా సరిగ్గా ఆ మూడు అమైనో ఆమ్లాలతోనే ప్రొటీన్లను కోస్తుంది. కానీ ట్రిప్సిన్‌తో దానికి ఏ చుట్టరికమూ లేదు, ఆకారమే వేరు. ఒకే ఉపాయాన్ని ప్రకృతి రెండుసార్లు విడివిడిగా కనిపెట్టింది. కుటుంబం చూసి పనిని ఊహించేవాళ్లకు ఇది దొరకదు.

ఇంకా తమాషా బాతు కంట్లో ఉంది. బాతు కంటి లెన్స్‌లో ఎక్కువగా ఉండే ప్రొటీన్లలో ఒకటి నిజానికి లాక్టేట్ డీహైడ్రోజినేస్, అంటే కండరాల్లో లాక్టిక్ ఆమ్లం లెక్క చూసే మామూలు ఎంజైమ్. 1980లలో ఈ సంగతి బయటపడింది. సీక్వెన్స్ అదే, డొమైన్లు అవే, కీలక స్థానాలూ అవే. ఏ డేటాబేస్‌లో వేసినా ‘ఎంజైమ్’ అనే వస్తుంది, అది అబద్ధమూ కాదు. లెన్స్‌లో మాత్రం అది చేసేది వెలుతురును వంచే పని. ఏ కణంలో ఎంత ఉందన్నది సీక్వెన్స్‌లో రాసి ఉండదు కదా.

అందుకే పది డేటాబేస్‌లు ఒకే మాట చెప్పినా ఒక సంగతి అడగాలి: వీళ్లు విడివిడిగా చూసి చెబుతున్నారా, ఒకరిని చూసి ఒకరు చెబుతున్నారా? అమెరికాలోని ఎన్‌సీబీఐ వాళ్ల సీడీడీ అనే డేటాబేస్‌లో పీఫామ్, స్మార్ట్ మోడళ్లు కూడా కలిసే ఉంటాయి. అక్కడ పీఫామ్ మోడల్ తగిలితే అది రెండో సాక్ష్యం కాదు, మొదటిదే మళ్లీ. ఇంటర్‌ప్రో నంబర్లకు జీన్ ఆంటాలజీ పదాలు (ప్రొటీన్ల పనులను చెప్పే ప్రామాణిక పదాలు) తగిలించి ఉంటాయి. ఒక నంబరు తగిలితే ఆ పదం దానంతటదే ప్రొటీన్ మీదికి చేరుతుంది, అక్కడి నుంచి ఇంకో పట్టికలోకి వెళుతుంది. ఇలా యంత్రం చేర్చినవాటికి ఐఈఏ అని మూడక్షరాల గుర్తు ఉంటుంది. ప్రయోగంలో తేలినవాటికి వేరే గుర్తులున్నాయి. ఎక్సెల్‌లోకి దించుకునేటప్పుడు చాలామంది మొదట తీసేసే నిలువు వరుస అదే!

తప్పులు ఎంత ఉంటాయో కొలిచినవాళ్లున్నారు. 2009లో ప్యాట్రీషియా బాబిట్ బృందం బాగా తెలిసిన 37 ఎంజైమ్ కుటుంబాలను తీసుకుని నాలుగు డేటాబేస్‌లను తనిఖీ చేసింది. మనుషులు చదివి రాసే స్విస్-ప్రాట్‌లో చాలా కుటుంబాలకు తప్పులు దాదాపు సున్నా. మిగతా మూడింట్లో మహాకుటుంబాన్ని బట్టి సగటున 5 శాతం నుంచి 63 శాతం దాకా ఉన్నాయి. చాలావాటిలో తప్పు ఒకే తరహా: సాక్ష్యం ‘ఫలానా మహాకుటుంబం’ అని చెప్పేవరకే ఉంటే, పేరు పెట్టినవాళ్లు ‘ఫలానా ఎంజైమ్’ దాకా వెళ్లిపోయారు.

మరి అన్నీ మనుషులే చదివి రాయొచ్చు కదా అంటే కుదరదు. 2024లో యూనిప్రాట్‌లో సీక్వెన్స్‌లు 24 కోట్లు దాటాయి. అందులో మనుషులు చూసి ఆమోదించినవి ఆరు లక్షలకు లోపే. మిగతాదంతా యంత్రం రాసిందే. తప్పక వాడతాం, వాడాలి కూడా. ఎవరు రాశారో చూసి వాడాలి, అంతే. యూనిప్రాట్ పేజీలో పైనే ‘సమీక్షించినది’, ‘సమీక్షించనిది’ అని స్పష్టంగా రాసి ఉంటుంది.

తెలియనిదాన్ని తెలియదని చెప్పడంలో పీఫామ్ మంచి దారి చూపింది. పని తెలియని డొమైన్లకు డీయూఎఫ్ అని నంబర్లు ఇస్తుంది. వేల సంఖ్యలో ఉన్నాయి. వినడానికి చేతులెత్తేసినట్టు ఉంటుంది కానీ, ఆ నంబరు వల్ల లోకంలో ఎక్కడెక్కడ ఆ డొమైన్ ఉందో ఒక చోటికి చేరుతుంది, ఎవరో ఒకరు దాని వెంట పడతారు. డీయూఎఫ్1, డీయూఎఫ్2 అని మొదట నంబర్లతో బతికిన రెండు డొమైన్లు ఇప్పుడు జీజీడీఈఎఫ్, ఈఏఎల్ పేర్లతో బ్యాక్టీరియా పాఠాల్లో తప్పనిసరి. ఒకటి సైక్లిక్-డై-జీఎంపీ అనే సంకేత అణువును తయారుచేస్తుంది, రెండోది దాన్ని విరిచేస్తుంది. ఈదుకుంటూ తిరగాలా, గుంపుగా ఒక చోట అతుక్కుని పొరలా పేరుకోవాలా అన్నది బ్యాక్టీరియా తేల్చుకునేది ఈ అణువును బట్టే. వాటికి తొందరపడి ఏదో ఒక ఎంజైమ్ పేరు పెట్టేసి ఉంటే ఎవరైనా మళ్లీ తిరిగి చూసేవారా అన్నది నాకు అనుమానమే.

ఇప్పుడు ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ ప్రోగ్రామ్ 20 కోట్లకు పైగా ప్రొటీన్ల ఆకారాలను ఊహించి ఇచ్చింది. పేరు లేని ప్రొటీన్లకు పేర్లు సూచించే గూగుల్ భాషా నమూనాను కూడా 2022 నుంచి యూనిప్రాట్ వాడుతోంది. ఆకారం దూరపు చుట్టరికాలను బాగా పట్టిస్తుంది, సీక్వెన్స్‌లో చెరిగిపోయిన పోలిక ఆకారంలో మిగిలి ఉంటుంది. కానీ హాప్టోగ్లోబిన్ ఆకారం చూసినా ట్రిప్సిన్‌లాగే ఉంటుంది. ఆకారాన్ని నమ్ముకున్నా మళ్లీ ఆ మూడు అమైనో ఆమ్లాల దగ్గరికే రావాలి.

కొత్తగా ఈ పేజీలు తెరిచేవాళ్లకు ఒక పని వరుస చెబుతాను. ముందు మ్యాచ్ ప్రొటీన్ పొడవులో ఎంత భాగానికి ఉందో చూడండి. సగం కూడా లేకపోతే పేరును పక్కన పెట్టి డొమైన్ పేరే వాడండి. తర్వాత అది కుటుంబమా, డొమైనా, మహాకుటుంబమా అన్న గుర్తు చూడండి. మహాకుటుంబమైతే అంతవరకే రాయండి. ఎంజైమ్ అంటే కీలక స్థానాలు ఉన్నాయో లేవో చూడండి. చివరగా, దగ్గరి బంధువుల్లో ప్రయోగం జరిగినది ఒక్కటైనా ఉందా, ఉంటే ఆ పత్రం ఏదో స్విస్-ప్రాట్‌లో వెతకండి. ఫలితంతో పాటు డేటాబేస్ వెర్షన్ నంబరు కూడా రాసుకోవాలి. ఇంటర్‌ప్రో ఏడాదికి చాలాసార్లు మారుతుంది, పాత నంబర్లు కలిసిపోతాయి, విడిపోతాయి. 2023లో పీఫామ్ సొంత వెబ్‌సైటే మూతపడి ఇంటర్‌ప్రోలో కలిసిపోయింది. పాత థీసిస్‌లలో ఉన్న ఆ లింకులు ఇప్పుడు నొక్కితే ఇంటర్‌ప్రో పేజీయే తెరుచుకుంటుంది.